ఆఖరి ప్లేటు ఎవరికి?

విమానయాన సంస్థల్లో కేటరింగ్, కేబిన్ సర్వీస్ విభాగాలు నడిపే పెద్దలకు, వాళ్లు రాసిన నియమాలను ట్రాలీ పక్కన నిలబడి అమలు చేసే కేబిన్ సిబ్బందికి,

నమస్కారం.

ఉద్యోగం పేరుతో ఏళ్ల తరబడి మీ విమానాల్లో తిరుగుతున్న మనిషిని నేను. ఖర్చు కంపెనీదైతే ముందు కేబిన్‌లో కూర్చుంటాను, నాదైతే వెనక. ఇన్నాళ్ల తిరుగుడికి గుర్తుగా మీరే ఇచ్చిన గోల్డ్ కార్డు ఒకటి జేబులో ఉంది. ఆ కార్డు వల్ల నాకు దక్కుతున్న ఒక మర్యాద గురించే ఈ లేఖ. భోజనంలో రెండు రకాలు పెట్టి, వాటిలో ఒకటి అయిపోతున్నప్పుడు, మిగిలిన నాలుగైదు ప్లేట్లు ఎవరికి వెళ్లాలి? చిన్న విషయమే, ఒప్పుకుంటాను. ఒక పూట పాస్తా తిన్నంత మాత్రాన ఎవరికీ ఏమీ కాదు. కానీ పదకొండు గంటలు ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్న మనిషిని ఆ మొత్తం ప్రయాణంలో "మీకేం కావాలి?" అని ఎవరైనా అడిగేది ఆ ఒక్కసారే. అందుకే అక్కడ లేదనిపించుకుంటే అంత గుచ్చుకుంటుంది.

కొన్నాళ్ల కిందట ఒక రాత్రి విమానంలో జరిగింది చెబుతాను. బిజినెస్ కేబిన్, మూడో వరస, కిటికీ సీటు నాది. సీట్‌బెల్ట్ లైటు ఆరగానే పర్సర్, అంటే కేబిన్ సిబ్బందికి పెద్ద, చేతిలో ట్యాబ్లెట్ పట్టుకుని ఒకటో వరస దాటి, రెండో వరస దాటి సరాసరి నా దగ్గరికొచ్చింది. పేరు పెట్టి పలకరించి, డిన్నర్‌కి ఏం తీసుకుంటారని అడిగింది. చేప అన్నాను. అక్కణ్నుంచి ఆరో వరసకి వెళ్లింది. ఆరు నుంచి రెండుకి, రెండు నుంచి ఐదుకి. చదరంగంలో గుర్రం గెంతినట్టు కేబినంతా గెంతింది. ఒకటో వరసలో కూర్చున్నాయన ఆమె ఎటు వెళ్తే అటు మెడ తిప్పి చూస్తున్నాడు. అందరికన్నా ముందు కూర్చున్న మనిషి, అందరూ అయ్యాక ఆయన వంతు వచ్చింది. "సారీ సర్, పాస్తా ఒక్కటే ఉంది." ఆయన ఏమీ అనలేదు. భోజనాలు వచ్చాక మాత్రం బాత్‌రూమ్‌కి వెళ్తూ నా ప్లేటు వైపు ఒక చూపు చూశాడు. టికెట్‌కి నాకన్నా రెండింతలు పెట్టి ఉంటాడేమో, ఎవరికి తెలుసు? ఆ చేప నాకు సరిగ్గా దిగలేదు.

ఆ పర్సర్ తప్పేమీ చేయలేదు. మీరు రాసిపెట్టిన క్రమాన్ని పాటించింది, అంతే. కొన్ని సంస్థలు వరస ప్రకారం అడిగిస్తాయి. కొన్ని కార్డు హోదా ప్రకారం అడిగిస్తాయి. ఫ్లైట్ నంబరు సరిసంఖ్య అయితే ముందు నుంచి, బేసిసంఖ్య అయితే వెనక నుంచి అడిగే పద్ధతి కూడా ఉంది. దేని వాదన దానికుంది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదని సామెత. మీ కార్డు అమ్మేది సరిగ్గా ఆ భరోసానే, వడ్డించేవాడు మీవాడే అని. చిక్కల్లా ఏమిటంటే, ఆ పంక్తిలో మిగతావాళ్లు కూడా కూర్చుని చూస్తూ ఉంటారు.

కొరత ఎందుకొస్తుందో కాస్త చూద్దాం. "ఇంత డబ్బు తీసుకుని ఇంకో పది భోజనాలు ఎక్కించలేరా?" అని నాతోటి ప్రయాణికులు ఊరికే నోరు పారేసుకుంటుంటారు. ముందు కేబిన్‌లో 30 మంది ఉన్నారనుకోండి. పదిమందిలో ఆరుగురు చికెన్, నలుగురు పాస్తా అడుగుతారని పాత లెక్కలు చెబుతున్నాయనుకోండి. సగటున 18, 12. కానీ జనం సగటు చూసుకుని విమానం ఎక్కరు కదా. ఒకరోజు 21 మంది చికెన్ అంటారు, మర్నాడు 15 మందే అంటారు. 20 విమానాల్లో దాదాపు 19 విమానాల్లో ఎవరికీ లేదనకుండా ఉండాలంటే చికెన్ 23, పాస్తా 17 ఎక్కించాలి. 30 మందికి 40 భోజనాలన్నమాట. మూడో వంతు అదనం. అదే వెనక కేబిన్‌లో 250 మంది ఉంటే, ఇదే భరోసాకి ఇంచుమించు 280 సరిపోతాయి. అదనం ఎనిమిదో వంతు కూడా లేదు. జనం ఎక్కువైతే ఒకరి ఇష్టం ఇంకొకరి ఇష్టంతో సర్దుకుపోతుంది. కొద్దిమందిలో ఆ సర్దుబాటు ఉండదు. కాబట్టి టికెట్‌కి ఎక్కువ పెట్టినవాళ్లు కూర్చునే చోటే కోరింది దొరక్కపోయే ప్రమాదం ఎక్కువ. ఇది నిర్లక్ష్యం వల్ల వచ్చేది కాదు, చిన్న సంఖ్యల స్వభావం.

పోనీ ఆ 40 ఎక్కించేయొచ్చుగా అంటే, గ్యాలీలో, అంటే విమానంలోని వంటగదిలో, ఓవెన్‌కి ఇన్ని అరలని, ట్రాలీకి ఇన్ని అరలని లెక్క ఉంటుంది. కిచెన్‌లో వండి, చల్లార్చి, పైన ఒకసారి వేడిచేసిన భోజనాన్ని మళ్లీ దాచి ఇంకో పూట పెట్టకూడదు. పరదేశం నుంచి దిగిన విమానంలో మిగిలిన తిండిని పశువుల, పంటల జబ్బులు పాకుతాయన్న భయంతో చాలాచోట్ల కాల్చేస్తారు. బరువుకి ఇంధనం ఖర్చు సరేసరి. ఇవన్నీ చాలవన్నట్టు, తలుపులు మూసే ముందు ఇద్దరు ముగ్గుర్ని వెనక నుంచి ముందుకి అప్‌గ్రేడ్ చేస్తారు. అప్పటికే కేటరింగ్ లారీ వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి కొరత రావడాన్ని నేను తప్పుపట్టను. కొరత వస్తుందని మీకు ముందే తెలుసు కదా, అప్పుడేం చేయాలో సరిగ్గా ఆలోచించి పెట్టలేదన్నదే నా ఫిర్యాదు.

తిండికీ తరగతికీ మధ్య ముడి ఇవాళ్టిది కాదు. 1958లో అట్లాంటిక్ మీద ఎకానమీ తరగతి మొదలుపెట్టినప్పుడు, ఆ తరగతికి సాండ్‌విచ్‌లు మాత్రమే పెట్టాలని సంస్థలు తమలో తాము ఒప్పందం రాసుకున్నాయి. స్కాండినేవియన్ సంస్థ ఎస్ఏఎస్ ఒక్క బ్రెడ్డు ముక్క మీదే విందంతా పేర్చి దాన్నే సాండ్‌విచ్ అంది. అమెరికా సంస్థ పాన్ యామ్ ఊరుకోలేదు, విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐయాటా దాకా పంచాయతీ వెళ్లింది. బ్రెడ్డు మీద ఎంత పెట్టాలన్నది అంతర్జాతీయ తగువైపోయింది. నవ్వొచ్చినా అందులో ఒక నిజం ఉంది. ముందు సీటు కొన్నవాడు సీటుతో పాటు తిండిని కూడా కొన్నాడు. కోరిన తిండి అడిగే హక్కు వాడికి నిజంగానే ఉంది. నేను దాన్ని కాదనడం లేదు.

అయితే 1981 మేలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైళ్లు పోగేసే పథకం పెట్టింది, కొద్ది రోజుల్లోనే యునైటెడ్ కూడా అందుకుంది. అప్పటిదాకా విమానంలో మనిషికి ఉండే హోదా ఒకటే, కొనుక్కున్న సీటు. ఆ తర్వాత రెండోది వచ్చి చేరింది, కార్డు. రెండూ ఒకే మనిషి దగ్గరుంటే గొడవ లేదు. ఒకటో వరసాయన పూర్తి డబ్బు పెట్టి సీటు కొని ఉండొచ్చు, కార్డు ఉండకపోవచ్చు. నేను అలా పోగేసిన పాయింట్లు ఖర్చుపెట్టి అదే కేబిన్‌లోకి వచ్చి ఉండొచ్చు, కార్డు ఉంది. ఇద్దరిలో ఎవరు ముందు? మీ ట్యాబ్లెట్ నేనే అంటుంది. దానికి తెలిసిన వరస అదొక్కటే.

కార్డు ఉన్నవాళ్ల తరఫున ఒక మాట చెప్పాలి. ఇది నా స్వార్థమే, అయినా చెబుతాను. మీ మెనూ రోజూ మారదు. నెలంతా అదే చికెన్, అదే పాస్తా. ఏడాదికొకసారి ఎక్కేవాడికి అది కొత్త వంట. ఒకే వారంలో మూడుసార్లు అదే దారిలో తిరిగేవాడికి ఆ పాస్తా ముఖం చూస్తేనే కడుపు నిండిపోతుంది. అలాంటివాణ్ని ముందు అడగడంలో న్యాయం లేకపోలేదు. కాకపోతే ఆ న్యాయం చాలా చిన్నది. దాన్ని దేని ముందు పెడుతున్నారో చూసుకోవాలి.

ఇక రెండో సంగతి. ఇది వెనక కేబిన్‌లో జరిగింది. 38వ వరస, నడవ పక్క సీటు నాది. ట్రాలీ ఇంకా పది వరసల అవతల ఉండగానే ఒకమ్మాయి వెనక గ్యాలీలోంచి వచ్చి, వంగి, గొంతు తగ్గించి, "సర్, మీకు వెజ్ కావాలా, చికెన్ కావాలా? పక్కన పెడతాను" అంది. నాకు రెండూ ఒకటే. ఆ పూట కడుపు కాస్త బరువుగా ఉందని వెజ్ అన్నాను. రేకు మూత మీద పెన్నుతో సీటు నంబరు రాసి, ట్రేలో పెట్టి తెచ్చిచ్చింది. చుట్టూ ఎవరికీ ఇంకా రాలేదు కదా, తినాలంటే మొహమాటంగా అనిపించి అలాగే ఉంచాను. పావుగంట తర్వాత ట్రాలీ మా వరసకొచ్చింది. నా పక్కన అరవై దాటిన ఒకావిడ. వెజ్ అడిగింది. వెజ్ అయిపోయింది.

"మీరు స్పెషల్ మీల్ బుక్ చేసుకున్నారా మేడమ్?"

చేసుకుందట. కానీ పొద్దున కనెక్షన్ తప్పితే కౌంటర్లో ఈ విమానానికి మార్చారు. టికెట్ మారింది గానీ భోజనం దాంతోపాటు రాలేదు. ఆ అమ్మాయి ట్యాబ్లెట్ చూసి, ఇంకోసారి చూసి, "మా దగ్గర లేదు మేడమ్, సారీ. బ్రెడ్డు, సలాడ్ ఇవ్వనా?" అంది.

"పరవాలేదమ్మా, బన్నులుంటే రెండివ్వు చాలు" అంది ఆవిడ. అప్పటికి ఆవిడ ఇల్లు వదిలి ఎన్ని గంటలైందో అడగాలనిపించలేదు. నా ట్రే ఆవిడ ముందు పెట్టేశాను. "మరి మీరేం తింటారు బాబూ?" అని కంగారుపడింది. నేను అన్నీ తింటానండీ అన్నాను. చికెన్ బాగానే ఉంది.

ఇందులో నా గొప్పేమీ లేదు. నిజానికి ఆ మూత తీసి రెండు స్పూన్లు తినేసి ఉంటే, కళ్లు మూసుకుని నిద్ర నటించేవాణ్నేమో. నేను చెప్పేది వేరు. ఆ ప్లేటు నా దగ్గరికి రావడానికి కారణం నా పేరు పక్కన ట్యాబ్లెట్‌లో మెరిసిన గుర్తు. నాకు దాని అవసరం లేదు. ఆవిడకి ఉంది. ఆవిడ పేరు పక్కన ఏ గుర్తూ లేదు, ఉన్న ఒక్కటీ పొద్దున కౌంటర్లో రాలిపోయింది. ఆ అమ్మాయి నన్ను ఇంకొక్క ముక్క అడిగి ఉంటే సరిపోయేది: "సర్, రెండూ తింటారా?"

నా విన్నపమంతా ఆ ముక్క మీదే. అయిపోయేలా ఉందని తెలిసిన క్షణం నుంచి మొదటి ప్రశ్న "మీకేది కావాలి?" కాకూడదు. "వీటిలో మీరు తినలేనిది ఏదైనా ఉందా?" అని అడగాలి. కార్డు ఉన్నవాళ్లనీ, లేనివాళ్లనీ, ఒకటో వరసనీ, ఆఖరి వరసనీ. చాలామంది రెండూ తింటారు. తింటామని హాయిగా చెబుతారు కూడా. ఏది కావాలని అడిగితే మాత్రం ఎవరైనా ఒకటి ఎంచుకుంటారు, ఎంచుకున్నాక అది దొరక్కపోతే పోగొట్టుకున్నట్టే బాధపడతారు. ఆ బాధ సగం మీరు అడిగిన తీరులోంచి పుట్టింది.

తినలేనివాళ్లలో నియమం ఉన్నవాళ్లు, అలర్జీ ఉన్నవాళ్లు, భోజనం వస్తుందన్న నమ్మకంతో ముందే ఇన్సులిన్ వేసుకున్నవాళ్లు ఉంటారు. ఈ చివరివాళ్లకి ఆలస్యమే ప్రమాదం. వీళ్లకోసమే ఐయాటా కోడ్లున్నాయి: వీజీఎంఎల్ (పాలు కూడా లేని శాకాహారం), డీబీఎంఎల్ (మధుమేహం ఉన్నవాళ్లకి), కేఎస్ఎంఎల్ (యూదుల ఆచారం ప్రకారం వండినది) వగైరా. చాలా సంస్థల్లో 24 గంటల ముందు చెప్పాలి, కొన్నిటికి 48. చెప్పినవాళ్లకి అందరికన్నా ముందు వస్తుంది, ఆ ఏర్పాటు బాగుంది. కానీ విమానం మారితే, టికెట్ తిరగరాస్తే, భార్యాభర్తలు పక్కపక్కన కూర్చోవడానికి ఎవరితోనో సీటు మార్చుకుంటే, ఆ కోడు అలాగే గల్లంతవుతుంది. "ముందే చెప్పుకోవాల్సింది" అని తేల్చేయకండి. వాళ్లలో చెప్పుకున్నవాళ్లు కూడా ఉంటారు.

ఆ తర్వాత, ఆన్‌లైన్‌లో ముందే ఫలానాది కావాలని ఎంచుకున్నవాళ్లు. అది మాట ఇచ్చినట్టే, కార్డు రంగు చూసి దాన్ని తప్పకూడదు. ఇంత గొడవకి అసలు మందు కూడా అదేనని నా అభిప్రాయం. ముందు కేబిన్‌లో సగంమంది ముందే చెప్పేస్తే, నేను పైన వేసిన లెక్కలో సందిగ్ధం 15 మందికి తగ్గిపోతుంది. కార్డు ఉన్నవాళ్లకి ఏదైనా ఎక్కువ ఇవ్వాలనుకుంటే అక్కడ ఇవ్వండి. మిగతావాళ్లకన్నా రెండు రోజుల ముందు ఆ పేజీ తెరవండి. ఎవరి కళ్లముందూ ఎవరికీ లేదనాల్సిన పనిలేదు.

ఆ పైన మిగిలేవాళ్లు నాలాంటివాళ్లు, రెండూ తినగలిగి, ముందు చెప్పనివాళ్లు. వీళ్లలో కార్డుని చూడండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ దానికన్నా ముందు ఇంకొకటి చూడమంటాను. దూరప్రయాణంలో రెండు భోజనాలుంటాయి. మొదటిసారి లేదనిపించుకున్నవాళ్ల సీటు నంబర్లు ఒక కాగితం మీద రాసుకుని, రెండోసారి వాళ్లతో మొదలుపెట్టండి. దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మంచి పర్సర్లు కొందరు ఎవరూ చెప్పకుండానే ఇలా చేయడం చూశాను. దిగే ముందు బ్రేక్‌ఫాస్ట్‌కి ఒకటో వరసాయన్ని మొదట అడిగి ఉంటే, రాత్రి పాస్తా సంగతి ఆయనే మర్చిపోయేవాడు. ఆ రోజు ఏం జరిగిందంటే, పర్సర్ బ్రేక్‌ఫాస్ట్‌కి కూడా మొదట నా దగ్గరికే వచ్చింది.

అడగడం గురించి ఇంకొక మాట. ముందు కేబిన్‌లో 30 మందే కదా, ఒక్కొక్కరి దగ్గర మొదటి ఇష్టం, రెండో ఇష్టం రెండూ తీసుకుని గ్యాలీలోకి వెళ్లి లెక్క చూసుకోవచ్చు. అందర్నీ అడగడం అయ్యేదాకా ఎవరికీ ఖాయం చేయకూడదు. అప్పుడు మీరు వరసగా నడిచి అడుగుతారు, గుర్రం గెంతులు ఉండవు. ఎవరికి ఏ కారణంతో ఏది వెళ్లిందో కేబిన్‌కి తెలియాల్సిన పని లేదు. కార్డుకి ఇవ్వాల్సిన విలువ కర్టెన్ వెనక ఇచ్చుకోండి. నడవలో ఇస్తే ఒకరికి మర్యాద, పాతికమందికి అవమానం.

వెనక కేబిన్‌లో ఇంత తీరిక ఉండదని తెలుసు. రెండు మూడు వందల మంది, పక్క నుంచి కూల్‌డ్రింక్ అడిగేవాళ్లు, మధ్యలో కుదుపులు. అక్కడ ఒక్కటే అడుగుతాను. ట్రాలీ ఎప్పుడూ ముందు నుంచే మొదలైతే ఆఖరి వరసలవాళ్లకి ఎప్పుడూ మిగిలిందే దక్కుతుంది. రెండు ట్రాలీలు రెండు వైపుల నుంచి బయల్దేరితే ఆ గతి రెక్కల దగ్గర కూర్చున్నవాళ్లకి పడుతుంది, ఇది చాలామంది గమనించరు. ఏ పద్ధతైనా సరే, ఒక విమానానికి ఒకలా, తిరుగు ప్రయాణానికి ఇంకోలా మార్చండి. అయిపోతున్న రకంలో చివరి రెండు మూడు భోజనాలు, తినలేనివాళ్లు ఎవరైనా తగులుతారని ఆఖరిదాకా ఆపి ఉంచండి. గోల్డ్ కార్డు కోసం ఆపగలిగినప్పుడు, ఆవిడలాంటివాళ్ల కోసం ఆపలేరా?

ప్రయాణికులు కొందరు "మీ సిబ్బంది భోజనం ఉంటుందిగా, అది తెచ్చివ్వండి" అనడం కూడా విన్నాను. పక్కనుండి విన్నందుకే సిగ్గేసింది. పన్నెండు గంటలు నిలబడి పనిచేసేవాళ్ల కంచం లాక్కోవడం ఏమిటి? పైగా పైలట్ల భోజనం ముట్టుకోవడానికే లేదు. ఇద్దరు పైలట్లూ వేర్వేరు రకాలు తినాలన్న కట్టుబాటు చాలా సంస్థల్లో ఉంది. 1975 ఫిబ్రవరిలో అలాస్కాలో ఎక్కించిన బ్రేక్‌ఫాస్ట్ తిని, ఐరోపా వెళ్తున్న జపాన్ ఎయిర్‌లైన్స్ 747లో దాదాపు 200 మంది ఒక్కసారిగా జబ్బుపడ్డారు. వండినవాళ్లలో ఒకరి చేతి మీది పుండు దానికి కారణమని తేలింది. పైలట్లు ఆ తిండి తినలేదు కాబట్టి విమానం క్షేమంగా దిగింది. కాక్‌పిట్‌లోకి వెళ్లే ట్రే మీద చూపు పడినప్పుడు ఇది గుర్తుతెచ్చుకోవాలి.

పూర్తి డబ్బు పెట్టకుండా ఖాళీ సీటు దొరికితే ఎక్కే మీ సొంత ఉద్యోగుల విషయంలో మాత్రం మీ పద్ధతి నాకు నచ్చుతుంది. అందరూ ఎంచుకున్నాక మిగిలింది తీసుకుంటారు, పేచీ ఉండదు. నిఖార్సైన మర్యాద.

ఇప్పుడు అసలు పెద్దలతో ఒక మాట. మీ సిబ్బంది కార్డు ఉన్నవాళ్ల వైపు పరిగెత్తడానికి సగం కారణం భయం. దిగిన మర్నాడే మాకు సర్వే వస్తుంది. "మీ భోజనం మీకు తృప్తినిచ్చిందా?" నేను తక్కువ మార్కులు వేస్తే ఆ ఫ్లైట్‌లో పనిచేసినవాళ్ల లెక్కలోకి ఎక్కుతుందన్న టెన్షన్ వాళ్లకి ఉంటుంది. ఎన్ని ప్లేట్లు ఎక్కించాలో నిర్ణయించినవాళ్లు ఆఫీసులో ఉంటారు. వాళ్లెవరో నాకు తెలియదు, నా కోపం వాళ్లకి తగలదు. లేదని చెప్పాల్సివచ్చిన అమ్మాయికి తగులుతుంది. కోరింది దొరక్కపోవడం మీద వచ్చే మార్కుల్ని సిబ్బంది ఖాతాలోంచి తీసి కేటరింగ్ ఖాతాలో వేయండి. ఆ ఒక్కటీ చేస్తే కేబిన్‌లో న్యాయం దానంతటదే కొంత వస్తుంది. అలాగే "మీ ఇష్టభోజనానికి మేము హామీ" అని కార్డు బ్రోచర్లలో రాయడం మానండి. ముందుగా ఎంచుకుంటే తప్ప ఇవ్వలేని హామీ అది. రాసేది మార్కెటింగ్ వాళ్లు, మాటపడేది ట్రాలీ తోసేవాళ్లు.

నాలాగే కార్డున్న మిత్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు కోపం రావచ్చు. ఒకసారి ఆలోచించండి. విమానంలో గాలి పొడిగా ఉంటుంది, కేబిన్‌లో పీడనం ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. ఉప్పు, తీపి అక్కడ నాలుకకి మామూలు కన్నా తక్కువ తెలుస్తాయని 2010లో జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ చేసిన పరీక్షల్లో తేలింది. చేపకీ పాస్తాకీ మధ్య మనం పడే పేచీలో సగం, నాలుక సరిగ్గా పట్టలేని రుచి కోసమే.

పోయిన నెల మళ్లీ ముందు కేబిన్‌లో వెళ్లాను. ఎప్పటిలాగే పర్సర్ ట్యాబ్లెట్ పట్టుకుని మొదట నా దగ్గరికి వచ్చింది. "నాకు ఏదైనా ఫర్వాలేదమ్మా, అందర్నీ అడిగాక చివర్న రండి" అన్నాను. ఆమె సరేనని ట్యాబ్లెట్ మీద వేలు పెట్టింది. చికెన్ అని నొక్కడానికి ఒక గడి, పాస్తా అని నొక్కడానికి ఒక గడి, భోజనం వద్దని నొక్కడానికి ఒక గడి ఉన్నాయి. "ఏదైనా ఫర్వాలేదు" అనడానికి గడి లేదు. కాసేపు వెతికి, నవ్వేసి, పేపర్ నాప్‌కిన్ మీద నా సీటు నంబరు రాసుకుని జేబులో పెట్టుకుంది.

ఆ గడి ఒకటి పెట్టించండి.

ఇట్లు,
ఒక్కోసారి 3ఏలో, ఒక్కోసారి 38సీలో కూర్చునే మీ ప్రయాణికుడు